రికార్డు ఎంచిన చేయి: రెగే సౌండ్ సిస్టమ్ నుండి సామాజిక రేడియో వరకు

రేడియో చరిత్రను సాధారణంగా శాస్త్రజ్ఞుల పేర్లతోనూ, ప్రభుత్వ చట్టాలతోనూ, ప్రసార సంస్థలు వెలసిన తేదీలతోనూ రాయడం పరిపాటి. ప్రసార కేంద్రం లోపల కూర్చున్నవారి చరిత్ర అది. తమ పాట, తమ మాట ఆ కేంద్రం నుండి వినిపించనందువల్ల వేరే దారి వెతుక్కున్నవారి చరిత్ర మరొకటి ఉంది. ఇరవయ్యవ శతాబ్దం ద్వితీయార్ధంలో కరిబియన్ ద్వీపమైన జమైకాలో పెరిగి, వలస వెళ్ళిన శ్రామికులతోపాటు బ్రిటన్ చేరిన 'సౌండ్ సిస్టమ్' సంప్రదాయం ఈ రెండవ చరిత్రలో ముఖ్యమైన అధ్యాయం. ఆ సంప్రదాయంలో ఏ రికార్డు ఎప్పుడు వినిపించాలో నిర్ణయించే వ్యక్తిని 'సెలెక్టర్' అంటారు. పేదల వాకిట రికార్డులు వేసిన ఈ సెలెక్టర్, మొదట ప్రభుత్వ రేడియోలోకి, పిమ్మట అనుమతి లేని తరంగాలపైకి, చివరకు చట్టం గుర్తించిన సామాజిక రేడియోలోకి చేరడానికి సుమారు అర్ధశతాబ్దం పట్టింది. ఈ ప్రయాణంలో అతడు వెంట తెచ్చిన ఆస్తి ఒక్కటే: ఎదుట ఉన్న జనానికి జవాబుదారీగా ఉండే అలవాటు. ఆ అలవాటు ఎక్కడ నిలిచింది, ఎక్కడ జారిపోయింది అన్న ప్రశ్న రేడియో తరంగాలు ఎవరి సొత్తు అన్న విశాలమైన ప్రశ్నతో ముడిపడి ఉంది.

కింగ్‌స్టన్ వాకిళ్ళలో

జమైకాలో రేడియో ప్రసారాలు 1939లో ఆరంభమయ్యాయి. రెండవ ప్రపంచయుద్ధం మొదలైన సమయంలో జాన్ గ్రినన్ అనే ఔత్సాహిక రేడియో నిపుణుడు తన పరికరాలను వలస ప్రభుత్వానికి అప్పగించగా, వాటితో జెడ్.క్యు.ఐ. అనే చిన్న కేంద్రం ఏర్పడింది. 1950లో రేడియో జమైకా అనే వాణిజ్య సంస్థ రంగంలోకి వచ్చింది. 1959లో బి.బి.సి. నమూనాను అనుసరించి జమైకా బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్, సంక్షిప్తంగా జె.బి.సి., ప్రభుత్వ రంగంలో నెలకొన్నది. అయితే ఈ కేంద్రాల ధోరణి రేడియో సెట్టు కొనగలిగిన మధ్యతరగతి ఇళ్ళకు అనుగుణంగా ఉండేది. అమెరికా, బ్రిటన్‌ల నుండి వచ్చిన పాటలకు అక్కడ పెద్దపీట. రాజధాని కింగ్‌స్టన్ పశ్చిమ భాగంలోని ఇరుకు బస్తీలలో నివసించేవారి అభిరుచికి వాటిలో చోటు స్వల్పం.

ఈ లోటును 1940వ దశకం చివరి నుండి సౌండ్ సిస్టమ్ పూరించింది. తెలుగునాట పెళ్ళిళ్ళకూ జాతరలకూ కట్టే మైకుసెట్టును ఎరిగినవారికి దీని స్వరూపం తేలికగానే బోధపడుతుంది. రికార్డు తిప్పే యంత్రం, శక్తిమంతమైన యాంప్లిఫయరు, మనిషి ఎత్తు ఉండే కొయ్య పెట్టెలలో అమర్చిన స్పీకర్లు – వీటన్నిటినీ బండి మీద తెచ్చి ఆరుబయట వాకిలిలో నిలబెట్టేవారు. వాద్యబృందాన్ని పిలిపించే స్తోమత లేనివారికి అది సంగీతసభ. ప్రవేశ రుసుము, పానీయాల అమ్మకం నిర్వాహకునికి ఆదాయం. చైనా సంతతికి చెందిన టామ్ వాంగ్ నడిపిన 'టామ్ ది గ్రేట్ సెబాస్టియన్' తొలి తరంలో ప్రసిద్ధి పొందింది. అనంతరం ఇద్దరు ఉద్దండులు రంగంలో నిలిచారు. వారిలో డ్యూక్ రీడ్ పూర్వాశ్రమంలో పోలీసు ఉద్యోగి, ఆపైన మద్యం దుకాణం యజమాని. రెండవవాడైన క్లెమెంట్ డాడ్, కాక్సన్ అన్న పేరుతో ప్రసిద్ధుడు, వ్యవసాయ కూలీగా అమెరికా వెళ్ళి, వస్తూ వస్తూ అక్కడి నల్లజాతి గాయకుల రికార్డులను తెచ్చినవాడు.

సౌండ్ సిస్టమ్‌లో పని విభజన ఉండేది. మైకు పట్టుకుని మాటలతో జనాన్ని ఉత్సాహపరిచేవాడు 'డీజే'. రికార్డు ఎంచేవాడు సెలెక్టర్. అమెరికా రేడియోలో డీజే అనే మాటకు ఉన్న అర్థం జమైకాలో ఈ విధంగా రెండుగా చీలింది. సెలెక్టర్ పని చూడడానికి సులభం, చేయడానికి కష్టం. ముందు వరుసలో అడుగులు మందగిస్తున్నాయా, గోడవార నిలబడినవారు కదిలారా, పక్క వీధిలోని ప్రత్యర్థి స్పీకర్ల వైపు జనం జారుకుంటున్నారా అన్నది అతడు ప్రతి పాటలోనూ గమనించాలి. జనం కేకలు వేసి కోరితే సూదిని వెనక్కు లాగి అదే పాటను మొదటి నుండి వినిపించాలి. తప్పుడు ఎంపికకు శిక్ష అప్పటికప్పుడే పడేది: వాకిలి ఖాళీ అయ్యేది. ఏ పత్రికా విమర్శకుడూ, ఏ ప్రభుత్వ కమిటీ విధించలేనంత కఠినమైన పరీక్ష అది.

పోటీ కారణంగా రహస్యం కూడా ఈ వృత్తిలో భాగమైంది. తమ వద్ద ఉన్న రికార్డు ఏదో ప్రత్యర్థులకు తెలియకుండా దాని మీది చీటీని గీకివేసేవారు. అమెరికన్ సాక్సొఫోన్ విద్వాంసుడు విల్లిస్ జాక్సన్ రికార్డు ఒకటి ఈ పద్ధతిలోనే అసలు పేరు పోగొట్టుకుని, కాక్సన్ పేరు మీద కింగ్‌స్టన్ అంతటా మార్మోగింది. 1950వ దశకం చివరలో అమెరికన్ సంగీతం బాణీ మారి, కావలసిన రికార్డులు దొరకడం అరుదైనప్పుడు, సౌండ్ సిస్టమ్ యజమానులు స్థానిక గాయకులనూ వాద్యకారులనూ పిలిచి సొంతంగా రికార్డింగులు చేయించసాగారు. 1962లో స్వాతంత్ర్యం సాధించిన జమైకాకు తనదైన సంగీతం స్కా రూపంలో, తరువాత రాక్‌స్టెడీ, 1960వ దశకం చివరికి రెగే రూపాలలో లభించడానికి మూలం ఇక్కడ ఉంది. కొత్త రికార్డింగును మెత్తని అసిటేట్ ఫలకంపై చెక్కించి, ముందుగా వాకిట వినిపించి, జనం ఒప్పుకున్న తరువాతనే దుకాణానికి పంపేవారు. కొన్ని పదుల సార్లు తిప్పితే అరిగిపోయే ఆ ఫలకాన్ని 'డబ్ ప్లేట్' అన్నారు.

రేడియోకూ వీధికీ మధ్య ఉన్న గోడ ఈ కాలంలో పూర్తిగా కూలలేదు. డ్యూక్ రీడ్ వంటి యజమాని సైతం రేడియోలో తన రికార్డులు వినిపించాలంటే డబ్బు చెల్లించి సమయం కొనవలసి వచ్చేది. 1970లో మాత్రం ఒక విశేషం జరిగింది. రేడియో మరమ్మతులు చేసే కింగ్ టబ్బీ నడిపిన సౌండ్ సిస్టమ్‌లో మైకు పట్టుకున్న యు-రాయ్ అనే డీజే, డ్యూక్ రీడ్ కోసం చేసిన మూడు రికార్డులు ఒకేసారి జమైకా జనాదరణ పట్టికలో మొదటి మూడు స్థానాలనూ ఆక్రమించాయి. వీధి తేల్చిన తీర్పును రేడియో ఆలస్యంగా చదివి వినిపించింది.

ప్రభుత్వ రేడియోలో అర్ధరాత్రి

సెలెక్టర్ స్వయంగా ప్రసార కేంద్రంలో ప్రవేశించిన ఘట్టానికి మైకేల్ క్యాంప్‌బెల్ జీవితం చక్కని ఉదాహరణ. 1954లో ఈశాన్య తీరంలోని పోర్ట్ ఆంటోనియోలో జన్మించిన ఇతడు బాల్యం నుండే విద్యుత్ పరికరాల పట్ల ఆసక్తి కనబరిచాడు. విద్యార్థి దశలో స్థానిక సౌండ్ సిస్టమ్‌లలో పాల్గొన్నాడు, పాఠశాల రేడియోలోనూ పనిచేశాడు. పిదప కింగ్‌స్టన్‌లోని సాంకేతిక కళాశాలలో విద్యుత్ ఇంజనీరింగు చదివి, 1976లో జె.బి.సి.లో ఇంజనీరుగా చేరాడు.

ఆ సమయానికి జమైకా రికార్డింగు గదులలో తయారైన రెగే లండన్‌లోనూ, న్యూయార్క్‌లోనూ, ఆఫ్రికా నగరాలలోనూ మోగుతున్నది. స్వదేశపు ప్రభుత్వ రేడియోలో మాత్రం విదేశీ పాప్ పాటలదే పైచేయి. ఈ వైపరీత్యాన్ని సహించలేని యువ ఇంజనీరు అధికారులను ఒప్పించి, అర్ధరాత్రి దాటిన తరువాతి వేళను తన కార్యక్రమం కోసం సంపాదించాడు. 'డ్రెడ్ ఎట్ ది కంట్రోల్స్' అనే ఆ కార్యక్రమంలో దాదాపు పూర్తిగా రెగే మాత్రమే వినిపించేది. మైకీ డ్రెడ్ అన్న పేరుతో ప్రసిద్ధుడైన క్యాంప్‌బెల్, ప్రసారకర్త గంభీర స్వరానికి బదులుగా ప్రతిధ్వనులు, ముందుగా తయారుచేసుకున్న చమత్కార నినాదాలు, కింగ్ టబ్బీ వంటివారి రికార్డింగు గదుల నుండి తెచ్చిన, ఇంకా మార్కెట్టుకు రాని డబ్ ప్లేట్లు వాడాడు. అంటే వాకిలిలోని సౌండ్ సిస్టమ్‌ను అచ్చంగా తెచ్చి ప్రసార కేంద్రంలో నిలబెట్టాడు. ఎవరూ వినరనుకున్న వేళలో వచ్చిన ఆ కార్యక్రమం జె.బి.సి.లో అత్యంత జనాదరణ పొందిన వాటిలో ఒకటైంది.

ప్రజాదరణ మాత్రం రక్షణ కాలేకపోయింది. యాజమాన్యంతో విభేదాలు ముదరగా, 1970వ దశకం ముగిసేలోపే అతడు నిరసనగా ఉద్యోగం విడిచాడు. ఆపైన బ్రిటన్ చేరి, 1980లో ది క్లాష్ బృందంతో కలిసి పనిచేశాడు, చానెల్ ఫోర్ టెలివిజన్‌లో రెగే చరిత్రపై వచ్చిన ధారావాహికకు వ్యాఖ్యానం అందించాడు. 2008లో అమెరికాలో కన్నుమూశాడు. 1990లో జమైకాలో రెగే సంగీతానికే అంకితమైన ఐరీ ఎఫ్.ఎం. ప్రసారాలు మొదలయ్యాయి. ఒకనాడు అర్ధరాత్రికి నెట్టివేసిన సంగీతం పగలంతా వినిపించడం అప్పటికి గానీ సాధ్యపడలేదు. జె.బి.సి. ఉదంతం చెప్పే పాఠం స్పష్టమైనది: ప్రసార కేంద్రంలో ప్రతిభావంతునికి కొన్ని గంటలు లభించినంత మాత్రాన, ఆ కేంద్రం అతని వెనుక ఉన్న జనానిది కాబోదు. ఇచ్చిన గంటలను వెనక్కు తీసుకునే అధికారం మరొకరి చేతిలోనే ఉంటుంది.

లండన్ నేలమాళిగలు

సౌండ్ సిస్టమ్ రెండవ జన్మ బ్రిటన్‌లో జరిగింది. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ నౌక చేరినప్పటి నుండి కరిబియన్ దీవుల శ్రామికులు బ్రిటన్ నగరాలలో స్థిరపడసాగారు. రవాణా, వైద్య సేవలు, కర్మాగారాలు వారి శ్రమతో నడిచాయి. అయితే అద్దె ఇళ్ళలోనూ, మద్యశాలలలోనూ, నృత్యశాలలలోనూ వర్ణవివక్ష బాహాటంగా ఉండేది. విందు వినోదాలకు ఇంటి నేలమాళిగ ఒక్కటే గతి. టామ్ ది గ్రేట్ సెబాస్టియన్ వద్ద సెలెక్టర్‌గా పనిచేసిన విన్సెంట్ ఫోర్బ్స్ 1954లో ఓడలో దొంగచాటుగా ప్రయాణించి లండన్ చేరాడు. 1950వ దశకం మధ్యలో లాడ్‌బ్రోక్ గ్రోవ్ ప్రాంతంలో అతడు నిలబెట్టిన సౌండ్ సిస్టమ్ బ్రిటన్‌లో తొలి వాటిలో ఒకటిగా చరిత్రకెక్కింది. డ్యూక్ విన్ అన్న పేరుతో అతడు తరువాతి దశాబ్దాలలోనూ నాటింగ్ హిల్ కార్నివాల్‌లో రికార్డులు వినిపిస్తూ వచ్చి, 2012లో మరణించాడు.

జమైకాలో ఆరుబయట సాగిన వేడుక, బ్రిటన్ చలిలో కిటికీలు మూసిన గదులలోకి మారింది. పొరుగువారి ఫిర్యాదులు, పోలీసుల దాడులు, పగిలిన స్పీకర్లు ఈ వృత్తిలో నిత్యకృత్యమయ్యాయి. ఆ గదులే వలస వచ్చినవారికి వార్తాకేంద్రాలు కూడా. పని ఎక్కడ దొరుకుతుంది, ఏ ఇంటి యజమాని అద్దెకు ఇస్తాడు, ఎవరి కుర్రవాడిని పోలీసులు పట్టుకుపోయారు అన్న కబుర్లు పాటల నడుమ మైకులో వినిపించేవి. 1970వ దశకం మధ్య నాటికి నాటింగ్ హిల్ కార్నివాల్ వీధులలో సౌండ్ సిస్టమ్‌లకు స్థానం లభించి, వాటి ధ్వని నేలమాళిగల నుండి బహిరంగ ప్రదేశానికి చేరింది.

రేడియోలో మాత్రం మార్పు నత్తనడక నడిచింది. 1974లో బి.బి.సి. లండన్ స్థానిక కేంద్రంలో అలెక్స్ పాస్కల్ ఆధ్వర్యంలో మొదలైన 'బ్లాక్ లండనర్స్' నల్లజాతి శ్రోతలకు తమ విషయాలు తమ గొంతులో వినే అవకాశం కల్పించింది. వాణిజ్య కేంద్రాలు వారానికి కొద్ది గంటలు రెగేకు కేటాయించాయి. లక్షలాదిమంది కరిబియన్ సంతతివారున్న దేశంలో ఈ కేటాయింపు విస్తరిలో ఉప్పు వడ్డించి భోజనం ముగిసిందన్నట్లు ఉండేది.

అనుమతి లేని తరంగం

ఈ నేపథ్యంలో 1980వ దశకం ఆరంభంలో వాయవ్య లండన్‌లోని నీస్డెన్ నుండి, పిదప లాడ్‌బ్రోక్ గ్రోవ్ పరిసరాల నుండి, ఒక కొత్త ప్రసారం వినవచ్చింది. దాని పేరు డ్రెడ్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్. బి.బి.సి. పేరును కొంటెగా అనుకరించిన ఈ డి.బి.సి.ని లెరాయ్ ఆండర్సన్ స్థాపించాడు. లెప్కీ అన్న పేరుతో ప్రసిద్ధుడైన ఇతడు గాయని రీటా మార్లే సోదరుడు. బ్రిటన్‌లో నల్లజాతీయులే స్థాపించి, నల్లజాతి సంగీతం కోసమే నడిపిన తొలి రేడియో కేంద్రంగా దీనిని పేర్కొంటారు. రెగేతోపాటు సోల్, సోకా, కాలిప్సో, ఆఫ్రికన్ సంగీతం అందులో చోటు చేసుకున్నాయి. ప్రతిధ్వనులతో కూడిన ప్రకటనలు, పాటను ఆపి మళ్ళీ మొదలుపెట్టడం, శ్రోతల పేర్లు చదవడం – అన్నీ సౌండ్ సిస్టమ్ లక్షణాలే.

అనుమతి లేని కేంద్రం నడిపే విధానం సాహసంతో కూడుకున్నది. 1949 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేని ప్రసారం నేరం. కనుక ప్రసార యంత్రాన్నీ, ఏంటెన్నానూ ఒకచోట, కార్యక్రమం తయారయ్యే గదిని మరొకచోట ఉంచడం ఈ తరహా కేంద్రాలలో ఆచారం. బహుళ అంతస్తుల భవనాల పైకప్పులు ఇందుకు అనువైన స్థలాలు. ముందుగా క్యాసెట్టుపై రికార్డు చేసిన కార్యక్రమాన్ని యంత్రానికి తగిలించి, దూరంగా కాపలా కాయడమూ ఉండేది. అధికారులు సంకేతం దిశను పసిగట్టి వచ్చేసరికి యంత్రం దొరికేది, మనుషులు దొరికేవారు కారు. వారం తిరిగేలోగా మరో యంత్రం మోగేది. 1984 టెలికమ్యూనికేషన్ల చట్టం పరికరాల స్వాధీనానికి అధికారులకు మరింత బలం చేకూర్చింది. డి.బి.సి. కూడా అదే సంవత్సరం మూగవోయింది.

అల్పాయుష్షుదే అయినా దాని ప్రభావం అల్పమైనది కాదు. హాస్యనటుడు లెనీ హెన్రీ టెలివిజన్ తెరపై సృష్టించిన, బ్రిక్స్‌టన్ దొంగ రేడియో నడిపే యువకుని పాత్ర ఈ కేంద్రాలు జనజీవనంలో ఎంతగా నాటుకుపోయాయో తెలుపుతుంది. లెప్కీ సోదరి, డి.బి.సి.లో 'ర్యాంకింగ్ మిస్ పి' పేరుతో కార్యక్రమాలు నిర్వహించిన మార్గరెట్ ఆండర్సన్‌ను 1985లో బి.బి.సి. రేడియో వన్ ఆహ్వానించి రెగే కార్యక్రమం అప్పగించింది. తాను అనుకరణకు గురైన కేంద్రం నుండే పెద్ద సంస్థ తన ప్రసారకర్తను ఎంచుకోవలసి వచ్చింది.

లైసెన్సు వచ్చిన తరువాత

1985లో బ్రిటిష్ ప్రభుత్వం సామాజిక రేడియో ప్రయోగాన్ని ప్రకటించింది. 21 లైసెన్సులు ఇస్తామనగా, వందల సంఖ్యలో దరఖాస్తులు వచ్చాయి. నల్లజాతి సంఘాలు, దక్షిణాసియా సంతతి సంఘాలు ఎన్నో ఆశలతో ముందుకు వచ్చాయి. 1986లో ప్రభుత్వం ఆ పథకాన్ని రద్దు చేసింది. దరఖాస్తు పెట్టి చట్టబద్ధమైన దారిలో నిలబడినవారికి ఫలితం దక్కలేదు. అనుమతి లేని కేంద్రాల సంఖ్య ఆ తరువాతి సంవత్సరాలలో మరింత పెరిగిందంటే ఆశ్చర్యం లేదు.

1989లో అదనపు స్థానిక లైసెన్సుల విధానం వచ్చిన పిదప తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఆ సంవత్సరమే పశ్చిమ లండన్‌లో దక్షిణాసియా శ్రోతల కోసం సన్‌రైజ్ రేడియో, 1990లో బ్రిక్స్‌టన్‌లో కరిబియన్ సంతతివారి కోసం చాయిస్ ఎఫ్.ఎం. చట్టబద్ధంగా మొదలయ్యాయి. 1985లో దొంగచాటుగా పుట్టిన కిస్ ఎఫ్.ఎం. కూడా 1990లో లైసెన్సు పొంది ప్రసారాలు ప్రారంభించింది. ఏళ్ళ తరబడి పైకప్పులు ఎక్కిన సెలెక్టర్లు ఇప్పుడు తలుపు గుండా స్టూడియోలో అడుగుపెట్టారు.

అయితే ఇవన్నీ వాణిజ్య లైసెన్సులు. ప్రకటనల ఆదాయంపై ఆధారపడిన కేంద్రానికి వాటాదారులు ఉంటారు. వాటాలను అమ్మవచ్చు, కొనవచ్చు. చాయిస్ ఎఫ్.ఎం. 2000 దశకం ఆరంభంలో పెద్ద వాణిజ్య రేడియో సంస్థ పరమైంది, 2013లో దాని పేరు కూడా మారిపోయింది. సమాజం పోరాడి సాధించుకున్న తరంగం సమాజాన్ని అడగకుండానే చేతులు మారింది. సౌండ్ సిస్టమ్‌లో జనం వెళ్ళిపోతే సెలెక్టర్ ఓడిపోయేవాడు. వాణిజ్య రేడియోలో జనం వింటూ ఉండగానే వారి కేంద్రం వారిది కాకుండా పోయింది.

ఈ అనుభవం తరువాత గానీ మూడవ మార్గం ఏర్పడలేదు. 2002లో బ్రిటన్ అంతటా 15 ప్రయోగాత్మక కేంద్రాలకు అనుమతి లభించింది. వాటిలో బర్మింగ్‌హామ్‌లోని ఆఫ్రో-కరిబియన్ సంఘం నడిపిన న్యూ స్టైల్ రేడియో ఒకటి. సౌతాల్‌లోని పంజాబీల దేశీ రేడియో, గ్లాస్గోలో దక్షిణాసియావారి అవాజ్ ఎఫ్.ఎం. కూడా అదే జాబితాలోనివి. 1970, 80 దశకాలలో ఒకే వీధులలో ఒకే వివక్షను ఎదుర్కొన్న కరిబియన్, భారత ఉపఖండ సంతతులు రేడియో హక్కులోనూ ఇరుగుపొరుగుగానే నిలిచాయి. బర్మింగ్‌హామ్‌లోని హ్యాండ్స్‌వర్త్‌లో పంజాబీ కుటుంబంలో పుట్టి, రెగే సౌండ్ సిస్టమ్‌లలో మైకు పట్టుకుని ఎదిగిన అపాచీ ఇండియన్ 1990వ దశకంలో ప్రపంచ ఖ్యాతి పొందడం ఈ సహజీవనానికి మరో నిదర్శనం.

2004 సామాజిక రేడియో ఉత్తర్వు ఈ ప్రయోగానికి శాశ్వత చట్టరూపం ఇచ్చింది. లాభాపేక్ష లేకపోవడం, ఆయా సమాజానికి సామాజిక ప్రయోజనం చేకూర్చడం, నిర్వహణలో ఆ సమాజమే పాలుపంచుకోవడం, కేంద్రం సమాజానికి జవాబుదారీగా ఉండడం అందులోని మూలసూత్రాలు. బ్రిస్టల్ నగరంలో 2008లో మొదలైన ఉజిమా రేడియో వంటివి ఈ చట్టం నీడలో వెలిశాయి. జవాబుదారీతనం అన్న మాట సెలెక్టర్‌కు కొత్తది కాదు. వాకిట నేర్చుకున్న దానినే శాసనకర్తలు యాభై ఏళ్ళ తరువాత ఉత్తర్వులో రాసుకున్నారని చెప్పవచ్చు.

అలాగని ఈ మార్పు తేలికగా జరగలేదు. వాకిట జనం ఎదుట ఉండేవారు. స్టూడియోలో గోడ ఒక్కటే ఎదుట. ప్రసారాల రికార్డింగును 42 రోజులు భద్రపరచాలి, అభ్యంతరకరమైన మాట రాకుండా చూసుకోవాలి, పాటల హక్కుల రుసుము చెల్లించాలి, తన వంతు గంట ముగియగానే ఆసనం ఖాళీ చేయాలి. మునుపటి గంటలో ఆరోగ్య సలహాలు, తరువాతి గంటలో వృద్ధుల సమస్యలు వస్తాయి. నడుమ వచ్చే రెగే వాటితో కలిసి బతకాలి. పని చేసేవారిలో అధికభాగం జీతం లేని స్వచ్ఛంద సేవకులు. పరికరం పాడైతే చందా పోగుచేయక తప్పదు. అర్ధరాత్రి వాకిట రాజులా వెలిగిన సెలెక్టర్ ఇక్కడ పదిమందిలో ఒకడు. ఆ తగ్గుదలను అంగీకరించినవారే సామాజిక రేడియోలో నిలిచారు. ప్రతిఫలంగా వారికి దక్కినది చిన్నదేమీ కాదు: కొత్తతరం పిల్లలకు మైకు ముందు కూర్చోవడం నేర్పే అవకాశం, పోలీసుల భయం లేని తరంగం, ఎవరూ అమ్మివేయలేని కేంద్రం.

మాచ్‌నూర్ నుండి చూస్తే

ఈ చరిత్రకు భారతదేశంలో, అందునా తెలుగు నేలపై, ఒక సమాంతర గాథ ఉంది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాల వివాదంలో తీర్పు చెబుతూ, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. న్యాయమూర్తి పి.బి. సావంత్ ప్రధాన తీర్పు రాయగా, తెలుగువారైన న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి ఏకీభవిస్తూ ప్రత్యేక తీర్పు వెలువరించారు. సిద్ధాంతరీత్యా ప్రజలవే అయిన తరంగాలు ఆచరణలో ప్రజలకు చేరడానికి మరెన్నో ఏళ్ళు పట్టింది. 2002 చివరి విధానం విద్యాసంస్థలకు మాత్రమే అవకాశమిచ్చింది. 2006 నవంబరులో గానీ స్వచ్ఛంద సంస్థలకు అర్హత లభించలేదు.

అప్పటి మెదక్ జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో పనిచేస్తున్న దళిత మహిళా సంఘాలు ఈ అనుమతి కోసం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. యునెస్కో సహాయంతో 1990వ దశకం చివరలో మాచ్‌నూర్ గ్రామంలో రికార్డింగు కేంద్రం ఏర్పడింది. చిరుధాన్యాల సాగు, విత్తనాల భద్రత, నాటువైద్యం, పండుగ పాటలు, సంఘాల కష్టసుఖాలు స్థానిక యాసలో టేపులపైకి ఎక్కాయి. ప్రసారానికి అనుమతి లేనందున ఆ టేపులను సంఘాల సమావేశాలలోనే వినిపించేవారు. విన్నవారు అక్కడికక్కడే మెచ్చుకునేవారు, తప్పు పట్టేవారు, తమ పాట తాము పాడేవారు. 2008 అక్టోబరు 15న, 1995 తీర్పు రాసిన పి.బి. సావంత్ చేతుల మీదుగానే సంఘం రేడియో ప్రారంభమైంది. గ్రామీణ దళిత మహిళలే నడిపే ఆ కేంద్రం భారత సామాజిక రేడియో చరిత్రలో మైలురాయి.

కింగ్‌స్టన్ సెలెక్టర్‌కూ మాచ్‌నూర్ మహిళలకూ పరిచయం లేదు. ఒకరి పాట మరొకరు విని ఉండకపోవచ్చు. అయినా రెండు చోట్లా క్రమం ఒక్కటే. ముందుగా జనం ఒకచోట కూడారు. వారి మధ్య ఒక టేపో, ఒక రికార్డో మోగింది. వారి తీర్పును బట్టి తరువాతిది ఎంపికయింది. ప్రసార యంత్రం ఆ తరువాత వచ్చింది. బ్రిటన్‌లో చట్టాన్ని ధిక్కరించి సాగిన నిరీక్షణ ఇక్కడ చట్టం కోసం ఓపికగా సాగింది. అదొక్కటే ప్రధానమైన తేడా.

భారతదేశంలో సామాజిక రేడియో కేంద్రాల సంఖ్య 2024 నాటికి 450 దాటింది. బ్రిటన్‌లో అవి 300కు పైబడ్డాయి. 2018లో యునెస్కో జమైకా రెగేను మానవాళి అగోచర సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ అంకెలూ గౌరవాలూ సంతోషించదగినవే. కానీ యంత్రం, గది, లైసెన్సు ఉన్న ప్రతి కేంద్రమూ సామాజిక రేడియో కాజాలదు. సెలెక్టర్ వృత్తి అందించిన కొలబద్ద నేటికీ పనికివస్తుంది: ఏది వినిపించాలో నిర్ణయించేవారికి శ్రోతల ముఖాలు తెలిసి ఉండాలి, వినిపించినది నచ్చకపోతే ఆ మాట చెప్పే దారి శ్రోతలకు ఉండాలి. ఆ దారి తెరిచి ఉన్నంతకాలం చిన్న ఏంటెన్నా అయినా ఒక ఊరికి గొంతు కాగలదు. ఆ దారి మూసుకున్ననాడు ఎంత ఎత్తయిన ఏంటెన్నా కూడా ఖాళీ అయిన వాకిట మోగే పెట్టెతో సమానం.